క్లచ్ మీద కాలు

దాక్షాయణి చేతుల మీద రెండు రకాల మచ్చలున్నాయి. కొన్ని కారు పెట్టినవి, కొన్ని భర్త పెట్టినవి. కాలిన మచ్చల్లో ఏది పనిలో పొగగొట్టం తగిలి అయిందో, ఏది బసవేశ్వర్ ఆమె చెయ్యి పట్టి అదే గొట్టానికి ఆనిస్తే అయిందో బయటివాళ్ళకు తెలియదు. నారాయణఖేడ్‌లో వాళ్ళ వీధివాళ్ళు ఎవరైనా అడిగితే, బండి పని చేస్తే ఇట్లాంటివి తప్పవని నవ్వేసేది. అడిగినవాళ్ళూ మంచివాళ్ళే. రెండోసారి అడిగి ఆమె చేత ఇంకో అబద్ధం ఆడించేవాళ్ళు కాదు.

ఆమె పుట్టిల్లు నాగల్‌గిద్ద వైపు. ఇంట్లో కన్నడం, వాకిట్లో తెలుగు. తండ్రి శివలింగప్పకు కంది చేనుతో పాటు ఒక పాత జీపు ఉండేది. వానాకాలం బాటలు తెగి బస్సు రాని రోజుల్లో ఊరికి అదే దిక్కు. నొప్పులు పడుతున్న ఆడమనిషినైనా, పాము కరిచిన మనిషినైనా అందులోనే ఖేడ్ దవాఖానకు చేర్చేవాడు. దారి పొడుగునా శివనామం తప్ప ఇంకో మాట ఆయన నోట వచ్చేది కాదు. ఆ జీపులో గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉండేది. మామూలుగా వెనక చక్రాలే బండిని నెడతాయి. బురద వచ్చినప్పుడు ఆ చిన్న కడ్డీ వేస్తే ముందు చక్రాలకూ ఇంజను బలం అంది, నాలుగూ కలిసి లాగుతాయి. బురద కనబడగానే ఆ కడ్డీ వేయడం చిన్నప్పుడు దాక్షాయణి పని. క్లచ్ తొక్కడం, మెల్లగా వదలడం కూడా తండ్రి పక్కన కూర్చునే నేర్చుకుంది.

బసవేశ్వర్‌ది ఖేడ్ గంజ్‌లో కందులు, పెసలు కొని అమ్మే కుటుంబం. వాళ్ళకూ జీపులుండేవి. తండ్రి పోయాక దుకాణం అతని చేతికి వచ్చింది, ఇంట్లో తల్లి మహానంద మిగిలింది. మెడలో లింగకాయ, నుదుట విభూతి, రోజూ లింగపూజ అయ్యాకే నోట్లో మెతుకు. పెళ్ళిచూపుల్లో అవి చూసే శివలింగప్ప సంబంధం ఖాయం చేశాడు. నుదుటి మీది విభూతిని చూసి మనిషిని నమ్మడం ఆయన స్వభావం. దాన్ని తప్పనలేం.

పెళ్ళైన కొత్తలోనే బసవేశ్వర్ హైదరాబాద్ నుంచి ఒక నీలం రంగు జపాన్ కారు తెచ్చాడు. పందేలకు పనికొచ్చే కారు. నేలకు దగ్గరగా, పొట్టిగా ఉండేది. స్టార్ట్ చేస్తే వీధి చివర కట్టేసిన బర్రెలు తలెత్తేవి. దానికి చిన్న కడ్డీ లేదు. వేయడం, తీయడం అనేదే లేకుండా నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. అట్లాంటి కారును బాగుచేసేవాళ్ళు ఖేడ్‌లో లేరు కనుక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, పని తనే మొదలుపెట్టాడు. కల్హేర్ దారిలో గతుకులకు అడుగు తగలకుండా ఎత్తు స్ప్రింగులు ఎక్కించాడు. బ్రేకులు మార్చాడు. గాలి ఎక్కువ పీల్చే గొట్టం బిగించి, యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజను వేగంగా తిరిగేట్టు పెట్టాడు. దాని ఇంజను నిలువుగా ఉండదు, అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. ప్లగ్గులు విప్పాలంటే పక్క సందులోకి చెయ్యి పోవాలి. అతని చెయ్యి పట్టలేదు, దాక్షాయణిది పట్టింది. అట్లా ఆమె ఆ పనిలోకి వచ్చింది.

ఆ పని ఆమెకు నచ్చిందన్నది నిజం. నల్లబడిన ఆయిల్ తీసి తేనె రంగు ఆయిల్ పోస్తున్నప్పుడు, తుడిచిన ప్లగ్గు సరిగ్గా దాని గాడిలో కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే నెమ్మది పూజలో కూడా కనిపించేది కాదని మహానంద అనేది. సాయంత్రం లింగాన్ని అరచేతిలో పెట్టుకోవాలి కనుక ముందు కిరోసిన్‌తో, తర్వాత కుంకుడు రసంతో చేతులు తోముకునేది. గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం పోయేది కాదు. దేవుడు ఆ నలుపును తప్పు పట్టి ఉండడు.

తప్పు పట్టేది బసవేశ్వరే. అతను కారు కింద పడుకుంటే ఆమె బ్యాటరీ లైటు పట్టాలి. వెలుగు ఇంచు జరిగితే చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. పానాతో పాదాల మీద కొట్టేవాడు. వేడి ఆయిల్ చిమ్మేవాడు. బోల్టు జారినా, మర అరిగినా, గంజ్‌లో ఎవడో మాట పడేసినా ఆ షెడ్డులోకి వచ్చేసరికి అదంతా ఆమె తప్పయ్యేది. ఒకసారి ఆమెకు నెల తప్పి, కడుపు తెలుస్తున్న రోజుల్లో, చాలాసేపు వంగి లైటు పట్టడంతో చెయ్యి వణికింది. అతను కింద నుంచి జరిగి వచ్చి బూటుకాలితో పొట్టలో తన్నాడు. ఆ బిడ్డ దక్కలేదు. దవాఖానలో జారిపడిందని రాయించారు. మళ్ళీ కడుపు నిలవలేదు.

మహానంద అన్నీ వినేది. కొడుకును ఒక్క మాట అనేది కాదు. కొట్టడం అయ్యాక పసుపు నూరి తెచ్చి కోడలి ఒంటికి పూసేది. జొన్నరొట్టె కాల్చి, వెన్న రాసి, తుంచి నోటికి అందించేది. ఆ రొట్టె తిన్న రోజుల్లో దాక్షాయణికి అత్త మీద కోపం వచ్చేది కాదు. గాజులమ్మే లీలమ్మ కూడా అంతే. మణికట్టు వాచి ఉంటే ఏమైందని అడగకుండా ఒక సైజు పెద్ద గాజులు తీసి, సబ్బు నురుగు రాసి, నొప్పి తెలియకుండా ఎక్కించి పోయేది. ఇట్లాంటి చేతులు చుట్టూ ఉండబట్టే ఆమె అన్నేళ్ళు నిలబడగలిగింది.

కిందటి ఏడాది బసవేశ్వర్ కారుకు ఇంకో మార్పు చేయాలనుకున్నాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఇంజను బలాన్ని పంచే గేరు ఒకటి కారు నడుమ ఉంటుంది. దాన్ని తీసేసి ఇంకా గట్టిగా పట్టేది వేయాలని హైదరాబాద్‌లో మహేందర్ అనే మెకానిక్‌తో మాట్లాడి తెప్పించాడు. వారమంతా మొగుడూ పెళ్ళాలిద్దరూ కష్టపడి ఎక్కించారు. ఎక్కించాక మహేందర్ ఫోన్ చేశాడు. చేతులకు గ్రీజు ఉండటంతో బసవేశ్వర్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టించాడు.

"అన్నా, ఒక్కటి యాది పెట్టుకో. ఇగ బండి ఎత్తి ఇంజన్ నడిపేదుంటె నాలుగు చక్రాలు ఎత్తాలె. రెండే ఎత్తి గేర్ల వేసినవనుకో, కింద ఆనినయి ఊకుంటయా, బండిని గుంజుకపోతయి."

"నాకు జెప్తున్నవా? నువ్వు పుట్టకముందుకెళ్లి జీపులు ఇప్పుతున్న నేను."

అవతల మహేందర్ నవ్వాడు. "గది జీపు అన్నా, దానికి కడ్డీ ఉంటది. దీనికి లేదు గదా. వదినా, అన్న మర్సిపోతె నువ్వన్న చెప్పు."

ఆ పిల్లవాడు మంచి మనసుతోనే అన్నాడు. ఫోన్ పెట్టేశాక బసవేశ్వర్ ఒక్కో వేలికీ అంటిన గ్రీజు తుడుచుకున్నాడు. వాడు నీకెందుకు చెప్తున్నాడు, నాకు తెలియనిది నీకు తెలుసా అని నెమ్మదిగా అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే చక్రాల పానా తిప్పి ఎడమ మోకాలి మీద కొట్టాడు. ఆమె కింద పడ్డాక అదే చోట మళ్ళీ కొట్టాడు. తరవాత చాలా రోజులు ఆమె గోడ పట్టుకుని నడిచింది. ఇరుగింటి రామవ్వ రోజూ పొద్దున వాళ్ళ వాకిలి కూడా తనే ఊడ్చి చల్లి పోయేది. ఎవరూ చేయమనలేదు.

అమావాస్యనాడు గంజ్ బంద్ ఉంటుంది. అట్లాంటి ఒక అమావాస్య రోజు, పూజ అయ్యాక మహానంద వంటింట్లో పోళీలకు పిండి కలుపుతోంది. బసవేశ్వర్ షెడ్డులో ఉన్నాడు. కొత్త గేరు వేసినప్పటి నుంచి కారు నడుమ ఎక్కడో గరగరమని చప్పుడు వస్తోంది, అది ఎక్కడిదో అతనికి అందడం లేదు. జీపులవాళ్ళకు దీనికి ఒక పాత పద్ధతి ఉంది. ముందు చక్రాలకు బలం అందకుండా చిన్న కడ్డీ తీసి, వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, ఒకరు సీట్లో కూర్చుని గేరు వేస్తారు. వెనక చక్రాలు గాలిలో తిరుగుతుంటే ఇంకొకరు కింద పడుకుని చెవి పెట్టి వింటారు. శివలింగప్ప అట్లాగే చేసేవాడు. బసవేశ్వర్ తండ్రీ అట్లాగే చేసేవాడు. జీపుకు అందులో ప్రమాదం లేదు.

బసవేశ్వర్ నీలం కారు వెనక భాగాన్ని జాకీతో ఎత్తాడు. ఇనప స్టాండ్లు పెట్టాడు. ముందు చక్రాలు నేల మీదనే ఉన్నాయి, వాటికి అడ్డంగా ఇటుకలు పెట్టాడు. పక్కనుంచి నడుము దాకా కిందికి దూరి దాక్షాయణిని పిలిచి సీట్లో కూర్చోమన్నాడు.

ఆమె ఆ ఇటుకల వైపు చూసి ఆగిపోయింది. "నాలుగు ఎత్తాలె అన్నడు గదా," అంది.

"ఎన్క ఎత్తిన, ఎన్కవే తిరుగుతయి. నోరు మూసుకొని గేర్ల వెయ్."

ఆమె కూర్చుంది. ఎడమ కాలితో క్లచ్ తొక్కింది. ఇంజను స్టార్ట్ చేసి మొదటి గేరు వేసింది. ఇక ఆ కారుకూ అతని ఛాతీకీ మధ్య ఉన్నది ఆమె ఎడమ పాదం ఒక్కటే. అది వదిలితే ముందు చక్రాలు ఇటుకలను తోసుకుని ముందుకు లాగుతాయి, వెనక భాగం స్టాండ్ల మీంచి జారి అతని మీద పడుతుంది. తెరిచిన తలుపులోంచి బయటికి చాచి ఉన్న అతని కాళ్ళు కనిపిస్తున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. చలికాలంలో ఆ మడమలకు ఆముదం రాసేది ఆమే.

క్లచ్ వదలమని అతను కింద నుంచి అరిచాడు. ఆమె వదల్లేదు. జీపు నడిపినోని బిడ్డవంటవు, క్లచ్ వదలనీకె రాదా అని ఆమె తండ్రిని తిట్టాడు. తల్లిని తిట్టాడు. మడమతో తలుపును తన్నాడు.

చెప్పిన మాట వినలేదని ఆమె ఇన్నేళ్ళు దెబ్బలు తిన్నది. ఇప్పుడు వింటే చాలు. వీధంతా వచ్చి ఏడుస్తుంది, అత్త ఏడుస్తుంది, తనూ ఏడుస్తుంది. పాపం మొగుడు చెప్పినట్టే చేసింది అంటారు. అందులో అబద్ధం కూడా ఉండదు.

మోకాలు వణకడం మొదలైంది. దెబ్బ తిన్న చోటు నుంచి వణుకు పిక్కలోకి, పాదంలోకి దిగింది. పాదం కొద్దిగా లేచింది. వెనక చక్రాలు మెల్లగా కదిలాయి. ముందు చక్రం కింద ఇటుక కరకరమంది.

"ఆఁ, గట్లనే," అన్నాడు బసవేశ్వర్ కింద నుంచి, మొదటిసారి సంతోషంగా. "ఇంకింత వదులు."

దాక్షాయణి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. అప్పుడు కూడా ఆమె క్లచ్ మీది కాలు తీయలేదు.

"బయటికి రా," అంది. "నాలుగు ఎత్తినంకనే."

అతను వచ్చాడు. జుట్టు పట్టి సీట్లోంచి బయటికి ఈడ్చాడు. తలను కారు మడ్‌గార్డుకేసి కొట్టాడు, నీలం రంగు మీద నెత్తురు చిందింది. పానా అందుకుని భుజం మీద, వీపు మీద, చెవి పక్కన కొట్టాడు. ఆమె పడిపోయినా ఆపలేదు, డొక్కల్లో తన్నుతూనే ఉన్నాడు. నాకు ఎదురు మాట్లాడతావా అని ఒకే మాట అంటున్నాడు. ఆ చెవి ఇప్పటికీ ఆమెకు సరిగా వినిపించదు.

పిండి చేతులతో మహానంద పరుగెత్తుకొచ్చింది. షెడ్డు వేసిన నాటి నుంచి ఎప్పుడూ దాటని దాని గడప ఆ రోజు దాటింది. కోడలి మీద అడ్డంగా వంగి, "బ్యాడ మగా, బ్యాడ," అని వాళ్ళ మాటలో వద్దురా వద్దురా అని బతిమాలుతూ చెయ్యి అడ్డం పెట్టింది. లేచిన పానా దిగనే దిగింది. ముసలి ఎముక చెరుకు గడ విరిగినట్టు విరిగింది.

అతను ఒక్క క్షణం తల్లి చెయ్యి వైపు చూశాడు. అది తను చేసిన పని అని ఒప్పుకునే దారి అతనికి దొరకలేదు. దొరికి ఉంటే అక్కడితో ఆగేవాడేమో. పానా విసిరేసి, రెండే ఎత్తి నడిపినా ఏమీ కాదని చూపిస్తా, ఇద్దరూ చూడండి అంటూ కారెక్కాడు. తలుపు వేయలేదు, కుడి కాలు బయటే ఉంది.

విరిగిన చెయ్యి పట్టుకుని తూలిన మహానంద కారు ముందర గోడకు ఆనుకుని కూలబడి ఉంది. దాక్షాయణికి లేవడం చేతకాలేదు. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, అత్తను చంకల కింద పట్టి పక్కకు లాగింది. అంతలోనే అతను ఇంజను స్టార్ట్ చేసి క్లచ్ వదిలాడు.

వెనక చక్రాలు గాలిలో ఒక్క చుట్టు తిరిగాయి. మరుక్షణం ముందు చక్రాలు పట్టాయి. ఇటుకలు ఎగిరి రేకులకు తగిలాయి, స్టాండ్లు పడిపోయాయి, కారు ఒక్క ఉదుటున గోడలోకి దూకింది. గోడ అంచు తలుపును మూసేసింది, ఆ తలుపు సందులో అతని కాలు ఉంది. గోడ కూలింది, దాని మీద రేకులు కూలాయి. లోపల నుంచి వచ్చిన కేక మనిషిదిలా లేదని రామవ్వ ఇప్పటికీ అంటుంది.

ఇంజను ఆగలేదు. చక్రాలు ఇటుకలను నములుతున్నాయి, కదిలిన ప్రతిసారీ తలుపు అతని కాలిని ఇంకా నలుపుతోంది. పెట్రోలు వాసన వస్తోంది. దాక్షాయణి రేకుల కింద నుంచి పాకి, పగిలిన అద్దంలోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పింది. అక్కడితో ఆమె ఆగిపోయినా అడిగేవాళ్ళు లేరు. జాకీ కోసం వెతికింది. దాన్ని తలుపుకూ కారు చట్రానికీ మధ్య అడ్డంగా పెట్టి తిప్పి సందు చేసింది. కాలు మోకాలి కింద చర్మానికే వేలాడుతోంది. కొంగు చించి తొడకు బిగించి కట్టింది. నెత్తురు నీళ్ళలా పోతుంటే ముడి జారకుండా పళ్ళతో పట్టి లాగింది. అతను స్పృహ తప్పే ముందు అమ్మా అన్నాడు.

రామవ్వ అరుపులకు వీధి కదిలింది. ఆటో దత్తు తన బేరాన్ని దింపేసి వచ్చాడు, కప్పుకునే కంబళి సీటు మీద పరిచాడు, నెత్తురంటుతుందని రామవ్వ అంటే ఉతికితే పోతుంది పెద్దమ్మా అన్నాడు. ఒకే ఆటోలో ముగ్గురూ దవాఖానకు పోయారు.

అక్కడ నర్సమ్మ అతన్ని సంగారెడ్డికి పంపే ఏర్పాటు చేసి, ఈ ఇద్దరి దెబ్బలూ కారువేనా అని అడుగుతూ రాయబోయింది. దాక్షాయణి అలవాటుగా తల ఊపబోయింది. మహానంద ఆమె కంటే ముందు మాట్లాడింది.

"కారుయి గావు బిడ్డా. నా చెయ్యి నా కొడుకే ఇరగ్గొట్టిండు. ఈ పిల్లను ఇన్నేండ్లు కొడ్తుంటె హల్ది పూసుకుంట కూసున్న. ఈమె కడుపుల పిల్లను గూడ వాడే తన్నిండు. గది గూడ రాయి."

నర్సమ్మ రాసింది. రాసి, లేచి, ఆ ముసలామెకు తనే టీ తెచ్చి పట్టుకుని తాగించింది. సాయంత్రం పోలీసులు వస్తే మహానంద అదే మాట మళ్ళీ చెప్పింది.

బసవేశ్వర్ కాలు మోకాలి కింద తీసేశారు. కేసు నడుస్తోంది. అతనిప్పుడు బీదర్‌లో అక్క ఇంట్లో ఉన్నాడు. కొడుకుతో వెళ్ళమని చుట్టాలు ఎంత చెప్పినా మహానంద కదల్లేదు. అత్తాకోడళ్ళు ఖేడ్‌లోనే ఉన్నారు. కూలిన షెడ్డును దాక్షాయణి మళ్ళీ కప్పించింది, సిర్గాపూర్ నుంచి, కల్హేర్ నుంచి ఆటోలు, స్కూటీలు బాగుచేయించుకోవడానికి వస్తున్నాయి. ఆడవాళ్ళ స్కూటీలు ఎక్కువ. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తుంది.

బీదర్ వైపు చుట్టాలు మాత్రం ఇంకో మాట అంటున్నారు. ఆమెకు ముందే తెలుసట, కావాలనే కారును అట్లా పెట్టించిందట. ఆ మాట ఖేడ్ దాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం రామవ్వ వచ్చి దాక్షాయణి పక్కన కూర్చుంది. దాక్షాయణి చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళేరుతోంది. రామవ్వ చాలాసేపు ఎండ గురించి, నీళ్ళ గురించి మాట్లాడింది. చివరికి అడిగింది.

"బిడ్డా, కోపం జెయ్యకు. వాడు కింద పండుకున్నప్పుడు నీకు అనిపియ్యలేదా?"

దాక్షాయణి వినిపించే చెవి అటు తిప్పింది, విన్నాక చాట వైపే చూస్తూ చెప్పింది.

"అనిపిచ్చింది పెద్దమ్మా. కాలు గూడ లేసింది. నొప్పికి లేసిందో, నేనే లేపిన్నో నాకు ఎరుకలేదు. అందుకే చాబి తిప్పిన. కాలును నమ్మబుద్ధి గాలేదు."

రామవ్వ చాటను కొంచెం తన వైపు లాక్కుని, ఆమెతో పాటు రాళ్ళేరడం మొదలుపెట్టింది.